వచ్చే ఏటి జట్టులో ఎవరుంటారు?

నెల్లూరు జిల్లా పడమటి కొసన, ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఉండే ఒక చిన్న డిగ్రీ కాలేజీ బేస్‌బాల్ జట్టు కట్టాలా? కడితే వచ్చే సీజన్‌కు అందులో ఎవరుంటారు? ఈ ప్రశ్న మీద తగువు పడేది ఇద్దరు. ఒకరు కాలేజీ ఫిజికల్ డైరెక్టర్, పిల్లల నోట పీడీ సారు. రెండోవాడు అక్కడే చదివి, కబడ్డీ ఆడి, అమెరికా వెళ్లాక కాలేజీ బేస్‌బాల్ పిచ్చి తగిలించుకున్న పూర్వ విద్యార్థి. పేర్లతో పని లేదు.

పూర్వ విద్యార్థి: కబడ్డీలో మన పిల్లలకు దారి ఎక్కడుంది సార్? ప్రతి కాలేజీకీ జట్టుంది, పండగ వస్తే ఊరూరా పోటీలున్నాయి, పైకి పోయే సందు మాత్రం ఇరుకు. 2014లో ప్రొ కబడ్డీ మొదలై తెలుగు టైటాన్స్ అని ఒక జట్టు వచ్చినప్పుడు మనవాళ్లు బారులు తీరుతారనుకున్నాం. 2023 వేలంలో అదే టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలు పోసి కొన్నది ఢిల్లీ ఆటగాడు పవన్ సెహ్రావత్‌ను. తప్పు పట్టడం లేదు, ఆట వచ్చినవాణ్ని కొనుక్కున్నారు. కానీ ఉదయగిరి కుర్రాణ్ని ఆ వరస చివర నిలబెట్టేకంటే, వరసే లేని చోటికి పంపితే మేలు కదా? అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో మగపిల్లలకూ ఆడపిల్లలకూ బేస్‌బాల్ ఉంది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోకి బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ మళ్లీ వస్తున్నాయి. ఆ తీర్మానం జరిగింది 2023 అక్టోబరులో మన ముంబయిలోనే, క్రికెట్‌ను చేర్చిన సమావేశంలోనే.

పీడీ: వరస లేదంటే అర్థమేంది నాయనా? అక్కడ అంగడే లేదని. అంగడి లేనిచోట మొదట నిలబడినా చివర నిలబడినా దొరికే సరుకు ఒకటే. ఒలింపిక్స్ సంగతి అట్లా ఉంచు. జట్టు లెక్క తీయి ముందు. డిగ్రీ మూడేళ్లు. మొదటేడు పిల్లలు ఎవరొస్తారో జూన్‌లో తెలియదు, జులైలో తెలియదు. ప్రవేశాలన్నీ ఆన్‌లైన్. ఓఏఎండీసీ పోర్టల్‌లో సీట్లు కేటాయించి, వాళ్లు వచ్చి చేరేసరికి ఒక్కో ఏడు ఆగస్టు కూడా దాటిపోతుంది. మూడో ఏడు వాళ్లకు ఒక సెమిస్టరు మొత్తం ఇంటర్న్‌షిప్. 2020లో డిగ్రీ చదువు మారినప్పుడు పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు కదా. ఎవడో నెల్లూరులో ఆడిటర్ దగ్గర, ఎవడో బెంగళూరులో. ఇక మిగిలేది రెండో ఏడు పిల్లలు. ఒక్క తరగతితో తొమ్మిదిమంది ఆడే ఆటకు జట్టు కట్టమంటావు, అదీ వాళ్లు కంటితో చూడని ఆటకు.

పూర్వ విద్యార్థి: పిల్లలు నిలవకపోవడం మన ఒక్కరి బాధ కాదు సార్, అక్కడా అంతే. 2018 అక్టోబరు నుంచి అమెరికా కాలేజీ ఆటగాళ్లకు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఉంది. పేరు నమోదు చేసుకుంటే చాలు, వేరే కాలేజీలు నేరుగా మాట్లాడతాయి. నిన్న మొన్నటిదాకా పెద్ద కాలేజీ బేస్‌బాల్ జట్టుకు మొత్తం 11.7 స్కాలర్‌షిప్‌లే ఉండేవి, వాటినే ముక్కలు చేసి పంచేవాళ్లు. 2025 జూన్‌లో కోర్టు ఒక రాజీని ఆమోదించాక ఆ లెక్క పోయి, దానికి ఒప్పుకున్న కాలేజీలకు జట్టులో 34 మందికి మించకూడదన్న హద్దు వచ్చింది. ఆ దెబ్బకు జట్లలో చోటు పోయినవాళ్లు ఎందరో. పైన మేజర్ లీగ్ జట్లు వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ ఉండనే ఉంది, ఇప్పుడు 20 రౌండ్లు. సీజన్ మొదలయ్యే ఫిబ్రవరికి ఎవరుంటారో అక్కడి కోచ్ కూడా జులైలో ఒట్టేసి చెప్పలేడు.

పీడీ: చెప్పలేడు సరే. పోయినవాడి చోట ఇంకొకడు వస్తాడని మాత్రం వాడికి తెలుసు. తేడా అదే.

పూర్వ విద్యార్థి: అన్నిసార్లూ రాడు. మన తెలుగు పిల్లాడి కథే ఉంది. అర్జున్ నిమ్మల. అమ్మానాన్నలు విజయవాడ నుంచి వెళ్లినవాళ్లు. పిల్లాడు ఫ్లోరిడాలో పుట్టి, డోవర్ ఊళ్లో హైస్కూలు జట్టుకు షార్ట్‌స్టాప్‌గా, అంటే రెండో, మూడో బేస్‌ల మధ్య కాచేవాడిగా ఆడాడు. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీకి వస్తానని మాటిచ్చాడు. 2023 జులై డ్రాఫ్ట్‌లో టొరంటో బ్లూ జేస్ మొదటి రౌండులోనే 20వ ఆటగాడిగా ఎంచుకుంది. 30 లక్షల డాలర్లకు సంతకం చేశాడు. యూనివర్సిటీ మైదానంలో ఒక్క మ్యాచ్ ఆడింది లేదు. అప్పటికి ఆ జట్టు పరిస్థితి ఏమిటో తెలుసా? 2023 సీజన్‌లో 23 గెలిచి 31 ఓడింది. వరసగా నలభై ఏళ్లకు పైగా జాతీయ టోర్నీలో ఆడుతూ వచ్చిన యూనివర్సిటీకి ఆ ఏడు పిలుపే రాలేదు. అలాంటి గడ్డు రోజుల్లో, రావాల్సిన మంచి షార్ట్‌స్టాప్ రాలేదు. మరుసటేడు అదే జట్టు 49 గెలిచి 17 ఓడి, చివరి ఎనిమిది జట్లు ఆడే ఒమాహా దాకా పోయింది. రానివాణ్ని తలుచుకుని కూర్చుంటే ఆ పని జరిగేదా?

పీడీ: నువ్వు చెప్పిన కథే నా పక్క సాక్ష్యం. ఆ 49 ఎవరు గెలిపించారు?

పూర్వ విద్యార్థి: జేమ్స్ టిబ్స్, క్యామ్ స్మిత్, వాళ్లతోపాటు ఎడమచేత్తో బంతి విసిరే పిచర్ జేమీ ఆర్నాల్డ్. 2024 డ్రాఫ్ట్‌లో టిబ్స్ 13వ వాడు, స్మిత్ 14వ వాడు, ఒకరి వెనక ఒకరు.

పీడీ: ఓడిపోయిన ఏడు వాళ్లెక్కడున్నారు?

పూర్వ విద్యార్థి: అదే జట్టులో.

పీడీ: మరి అదే చెప్తున్నా. ఓడిన ఏడు ఉండి, మళ్లీ ఏడు కూడా ఉన్నవాళ్లే గెలిపించారు. మన దగ్గర ఓడిన ఏడు ఉన్నవాడు మళ్లీ ఏడు ఉండడు. టౌన్‌లో సెల్‌ఫోన్ షాపులో పది వేలిస్తామంటే పోతాడు. వాడి తప్పు కాదది. సీతారామపురం, వరికుంటపాడు పక్క మెట్ట చేలల్లో వాన పడకపోతే ఇంటికి ఆ పది వేలే ఆధారం. వాణ్ని పట్టుకుని ‘ఆగు, మళ్లీ ఏడు గెలుస్తాం’ అనే హక్కు నాకుందా?

ఇక్కడ పూర్వ విద్యార్థి వెంటనే బదులు చెప్పడు. చెప్పేందుకు ఏమీ లేక కాదు. ‘ఉండటం’ అనే మాటకు రెండు దేశాల్లో ఖరీదు వేరు. ఫ్లోరిడాలో కాలేజీలో ఉండిపోవడమంటే లక్షల డాలర్లను ఒకటి రెండేళ్లు వాయిదా వేయడం. దుత్తలూరు బస్సెక్కే పిల్లాడికి ఉండిపోవడమంటే ఇంట్లో ఈ నెల సరుకులు తగ్గడం. ఈ తేడాను ఒప్పుకోకుండా అమెరికా ఉదాహరణ ఎంత లాగినా ఇక్కడికి అందదు.

పూర్వ విద్యార్థి: ఒప్పుకుంటా సార్. అందుకే నిలిచే దారి ఒకటి చూపించాలంటున్నా. కుమార్ రాకర్ అనే పిచర్‌ను చూడండి. తల్లి లలితది భారతీయ కుటుంబం, తండ్రి ట్రేసీ రాకర్ పేరున్న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, కోచ్. డ్రాఫ్ట్‌లో రౌండ్లు ఇంకా ఎక్కువుండే రోజుల్లో, 2018లో హైస్కూలు అయ్యాక కొలరాడో జట్టు 38వ రౌండులో పేరు చదివింది, ఎందుకంటే కుర్రాడు వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి పోవడం ఖాయమని అందరికీ తెలుసు. పోయాడు. మొదటేడే, 2019 జూన్‌లో డ్యూక్ మీద 19 మందిని స్ట్రైకౌట్ చేసి, ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా మ్యాచ్ ముగించాడు. ఆ ఏడు వాండర్‌బిల్ట్ జాతీయ చాంపియన్. ఉండిపోయినందుకు జట్టుకూ మేలు, కుర్రాడికీ పేరు.

పీడీ: తర్వాత?

పూర్వ విద్యార్థి: తర్వాత... 2021లో న్యూయార్క్ మెట్స్ 10వ వాడిగా తీసుకుంది. వైద్య పరీక్షల తర్వాత సంతకం పెట్టలేదు. ఒక ఏడాది పోయింది. 2022లో టెక్సస్ రేంజర్స్ మూడోవాడిగా తీసుకుంది. మోచేతి ఆపరేషన్ అయింది. 2024 సెప్టెంబరులో గానీ మేజర్ లీగ్‌లో బంతి వేయలేదు.

పీడీ: సగం కథ దాచుకోకూడదు నాయనా. ఉండిపోయినా చెయ్యి దెబ్బతినొచ్చు, పోయినా దెబ్బతినొచ్చు. దెబ్బతింటే వాడికి ఆపరేషన్ చేయించే జట్టుంది. మన పిల్లాడి మోచెయ్యి పోతే నెల్లూరు దాకా తీసుకుపోయేది నేనే. పోనీ, కోచింగ్ ఎవరిస్తారు? ఆ విసురుడు నేర్పగలిగిన మనిషి ఈ చుట్టుపక్కల లేడు. నాకూ రాదు. పుస్తకం చూసి కబడ్డీ నేర్పినా నేర్పొచ్చు, గంటకు 140 కిలోమీటర్ల వేగంతో బంతి విసరడం వీడియో చూసి నేర్పితే భుజాలు పోతాయి.

పూర్వ విద్యార్థి: 140 మనకెందుకు సార్? మనతో ఆడేవాళ్లు వేస్తే కదా. చెయ్యి ఉన్న పిల్లలైతే ఉన్నారు. క్రికెట్‌లో బౌండరీ గీత నుంచి ఒక్క ఊపులో కీపర్ చేతికి బంతి వేసే పిల్లలు మన ఊళ్లలో లేరా? 2008లో టీవీ పోటీ పెట్టి ఉత్తరప్రదేశ్ నుంచి రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరిని పట్టారు. జావెలిన్ విసిరేవాళ్లు. బేస్‌బాల్ చేత్తో ముట్టి ఎరగరు. ఆ ఏడాది చివరికల్లా పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో సంతకం చేశారు.

పీడీ: మేజర్ లీగ్ ఆడారా?

పూర్వ విద్యార్థి: లేదు. కింది లీగుల్లోనే ఆగిపోయారు. రింకూ తర్వాత కుస్తీల్లోకి పోయాడు, డబ్ల్యూడబ్ల్యూఈలో వీర్ మహాన్ అని. వాళ్లు పైదాకా పోలేదన్నది నిజమే. మనం పంపేది మాత్రం మేజర్ లీగ్‌కు కాదు, యూనివర్సిటీ సెలెక్షన్‌కు. మీరే చెప్పండి, మీ దగ్గరున్న పిల్లల్ని ఒక్కొక్కరినే తీసుకుంటే, ఈ ఆటకు పనికిరారా?

పీడీ: పనికిరారని ఎప్పుడన్నాను? క్యాచర్ అంటారే, బ్యాటు పట్టినవాడి వెనక గొంతుకూర్చుని బంతులు పట్టేవాడు. నువ్వు వికెట్ కీపర్‌ను పెడతానంటావు. తప్పు. కీపర్ బంతి బంతికీ లేస్తాడు, ఫాస్ట్ బౌలర్‌కు ఇరవై గజాలు వెనక్కి పోతాడు. క్యాచర్ అక్కడే మడమల మీద కూర్చుని ఆట సాగినంతసేపూ మోకాళ్లు నిలబెట్టుకోవాలి. ఆ మోకాళ్లు ఎవరికుంటాయి? కబడ్డీలో కార్నర్ ఆడేవాడికి. వంగి, కాచుకుని, రైడర్ చీలమండ దగ్గరికి వచ్చినప్పుడు ఒక్క దూకు. వాడికి భయం కూడా ఉండదు, ఒంటికి దెబ్బ తగలడం అలవాటే. షార్ట్‌స్టాప్‌కు ఖోఖో పిల్లాడు. వంగి పరుగెత్తుతూ దిక్కు మార్చడం వాడికి పుట్టుకతో వచ్చినట్టుంటుంది. ఫస్ట్ బేస్‌లో పొడుగువాడు కావాలి, చెయ్యి చాచితే పైబంతి అందాలి, అంటే వాలీబాల్ బ్లాకర్. వెనక మైదానంలో ముగ్గురికి పరుగు కావాలి, అది కొరవ లేదు.

పూర్వ విద్యార్థి: పిచర్?

పీడీ: జావెలిన్ పిల్లాడు. లేదా పక్క నుంచి విసిరినట్టు బౌలింగ్ చేస్తాడని క్రికెట్‌లో అంపైర్లు ఆపేసేవాడు. వాడికి ఇది స్వర్గం, ఇక్కడ మోచెయ్యి వంచినా ఎవడూ నోబాల్ అనడు.

గమనించారో లేదో, జట్టు వద్దంటున్న మనిషే తొమ్మిది స్థానాల్లో సగానికి పైగా నింపేశారు. పిల్లల ఒళ్లు తెలిసిన మనిషికి ఏ ఆట పేరు చెప్పినా ముందు కనపడేది ఆ ఒళ్లే. అయితే ఆయన అభ్యంతరం అసలు బలం కూడా ఈ జాబితాలోనే దాక్కుని ఉంది.

పీడీ: ఇప్పుడు చెప్పు, ఈ కార్నర్ ఎవరి జట్టులో ఉన్నాడు? నా కబడ్డీ జట్టులో. కబడ్డీ జట్టంటే 12 మంది, మ్యాట్ మీద ఏడుగురు. ఇద్దరు కార్నర్లు పోతే అది జట్టు కాదు, గుంపు. ఖోఖో పిల్లాడు ఖోఖో మానేస్తాడా? చిన్న కాలేజీలో కబడ్డీ వాళ్లు, వాలీబాల్ వాళ్లు, పరుగు పందెం వాళ్లు వేరువేరు పిల్లలు కారు. అదే పదిహేనుమంది చొక్కా మార్చుకుని వస్తారు. కొత్త ఆట వచ్చిందంటే కొత్త పిల్లలు రారు, అదే పిల్లల సాయంత్రాలు ఇంకో ముక్క అవుతాయి. గెలిచే అవకాశం కొంచెమైనా ఉన్న జట్టును చింపి, ఎవరూ చూడని జట్టుకు అతుకేయమంటున్నావు.

పూర్వ విద్యార్థి: ఒకే ఒంటితో రెండు ఆటలు ఆడొచ్చు సార్. ఓక్లహోమా యూనివర్సిటీలో కైలర్ ముర్రే బేస్‌బాల్, ఫుట్‌బాల్ రెండూ ఆడాడు. 2018లో ఓక్లండ్ బేస్‌బాల్ జట్టు మొదటి రౌండులో 9వ వాడిగా తీసుకుంది.

పీడీ: చివరికి ఏది ఆడాడు?

పూర్వ విద్యార్థి: ...ఫుట్‌బాల్. మరుసటేడు అక్కడి డ్రాఫ్ట్‌లో మొదటివాడు.

పీడీ: చూశావా. రెండు పడవలు కొన్నాళ్లు నడుస్తాయి, ఒడ్డు దగ్గరికొచ్చేసరికి ఒకదాంట్లోనే దిగాలి. ఆ రోజు మన పిల్లాడు కబడ్డీని వదిలితే తప్పు, బేస్‌బాల్‌ను వదిలితే నీ జట్టు గోవిందా.

పూర్వ విద్యార్థి: అయితే అసలు మాట అనేస్తా. ఉద్యోగం. రాష్ట్ర ప్రభుత్వం 2024 క్రీడా విధానంలో ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. 2025 మెగా డీఎస్సీలో ఆ కోటా కింద టీచరు పోస్టులు 421. మన పిల్లాడు కబడ్డీలో రాష్ట్ర జట్టు దాకా వచ్చే ఆశ ఎంత? పోటీ తక్కువున్న ఆటలో ఎంత? ఇంటి దగ్గర పది వేల లెక్క మీరే చెప్పారు. ఆ లెక్కకు ఎదురు నిలిచేది ఇదొక్కటే.

పీడీ: ఇన్ని మాటల్లో బలమైనది ఇదే, నన్ను భయపెట్టేదీ ఇదే. నాలుగు జట్లు వచ్చే పోటీలో మూడోస్థానం సర్టిఫికెట్, నలభై జట్ల మధ్య క్వార్టర్ ఫైనల్లో ఓడి ఇంటికొచ్చిన కబడ్డీ పిల్లాడి ఉత్త చేతులు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడు. ఆట కోసం ఆడేవాణ్ని కాగితం కోసం ఆడేవాడు దాటిపోతాడు. పిల్లలకు ఇది అర్థం కాదనుకుంటున్నావా? ఒక్క ఏడు చాలు, ‘సార్, ఏ ఆటలో తొందరగా సర్టిఫికెట్ వస్తుంది’ అని అడుగుతూ వస్తారు. నేను పీడీ కాస్తా ఏజెంటునవుతాను.

పూర్వ విద్యార్థి: ఆ ముప్పు ఉంది, కాదనను. కానీ కోటాలో ఇప్పుడు ఎవరు దాటిపోతున్నారు? మైదానం, కోచ్, హాస్టలు ఉన్న ఊళ్ల పిల్లలు. తక్కువమంది ఆడే ఆటలు ఇప్పటికే పట్నం పిల్లల చేతుల్లో ఉన్నాయి, ఎందుకంటే అలాంటి ఆట ఉందని వాళ్లకే తెలుసు. ఆ దారి తప్పయితే అందరికీ మూసేయాలి. మూసేదాకా మనవాళ్లు మాత్రమే తెలియక ఊరకుండటం న్యాయమా?

పీడీ: న్యాయం కాదు. కానీ అన్యాయంలో వాటా అడగడం కూడా... ఏమో. అది నీకు వదిలేస్తున్నా.

పూర్వ విద్యార్థి: సరే, మగపిల్లల సంగతి పక్కన పెడదాం. ఆడపిల్లల జట్టు?

పీడీ: అక్కడ నా నోరు అంత గట్టిగా లేవదు. ఆడపిల్లలకు కబడ్డీ అంటే ఇంట్లో ఇప్పటికీ ముఖం చిట్లిస్తారు, ఒకరి మీద ఒకరు పడే ఆట అని. బ్యాటు, బంతి, గ్లవ్స్ అంటే క్రికెట్ లాంటిదేలే అని సర్దుకుంటారు. అనంతపురంలో ఆర్‌డీటీ స్వచ్ఛంద సంస్థ వాళ్ల క్రీడా గ్రామం చూడు, పల్లెటూళ్ల ఆడపిల్లలతో సాఫ్ట్‌బాల్ ఆడిస్తున్నారు. అదీ మన లాంటి మెట్ట జిల్లానే. ఆడపిల్లలు ఒకసారి జట్టులోకి వచ్చారంటే మగపిల్లల కంటే నమ్మకం. సెల్‌ఫోన్ షాపుకు పోరు. ఇంటర్న్‌షిప్ కూడా దగ్గర ఊళ్లోనే చేస్తారు. పోతే పెళ్లికే పోతారు. ఆ కబురు కూడా ఉన్నట్టుండి వస్తుంది, శుభలేఖతోపాటు.

పూర్వ విద్యార్థి: 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. మర్రిపాడు పిల్ల ప్రాక్టీసుకు ఉండిపోయినా, జట్టు నెల్లూరుకు సెలెక్షన్‌కు పోయినా దారి ఖర్చు లేదు.

పీడీ: టికెట్ లేదు నాయనా, నిజమే. ఆరుగంటలకు బస్సు కూడా లేదు కదా. నాలుగున్నర బస్సు పోతే ఆ పిల్ల ఊరికి ఎట్లా పోతుంది? ప్రాక్టీసు పెట్టాల్సింది పొద్దున ఏడింటికి. అప్పుడేమో కాలేజీకి వచ్చే బస్సు ఇంకా బయల్దేరదు. మధ్యాహ్నం పెడదామంటే మన ఎండ సంగతి నీకు చెప్పాలా? జట్టు కట్టేది నేను కాదు, ఆర్టీసీ డిపో.

పూర్వ విద్యార్థి: క్లాసుల మధ్య గంట అడుగుదాం. అది ప్రిన్సిపాల్ చేతిలో పని. ఒక మెట్టు దిగుతా కూడా. బేస్‌బాల్ వద్దు, సాఫ్ట్‌బాల్‌తో మొదలుపెడదాం. బేస్‌బాల్‌లో ఒక బేస్ నుంచి ఇంకో బేస్‌కు 27 మీటర్ల పైచిలుకు, సాఫ్ట్‌బాల్‌లో 18 మీటర్లు. చిన్న మైదానం చాలు, తొమ్మిది ఇన్నింగ్స్ బదులు ఏడు.

పీడీ: దిగావు సరే, దిగేటప్పుడు నీ ఆస్తి పైన వదిలేశావు. ఇందాక చెయ్యి ఉన్న పిల్లలన్నావు, జావెలిన్ అన్నావు. సాఫ్ట్‌బాల్‌లో పిచర్ కింద నుంచి చెయ్యి తిప్పి వేయాలి. బౌండరీ నుంచి విసిరే చెయ్యి అక్కడ పనికిరాదు, కొత్తగా మొదలుపెట్టాల్సిందే. మిగతా ఎనిమిదిమందికి పనికొస్తుందిలే. ఇక సామాను. క్రికెట్‌లో కీపర్ తప్ప అందరూ ఉత్త చేతులతో ఆడతారు. ఇక్కడ ఫీల్డింగ్ చేసే ప్రతివాడికీ తోలు గ్లవ్. క్యాచర్‌కు ముఖానికి మాస్కు, ఎదకు కవచం, కాళ్లకు ప్యాడ్లు. కాలేజీ క్రీడా నిధిలో నుంచి ఇది కొంటే వాలీబాల్ నెట్ మళ్లీ ఏటికి వాయిదా.

పూర్వ విద్యార్థి: సామాను మావంతు. బయట ఉన్న పాత విద్యార్థులు తలా కొంచెం వేస్తే సమకూరుతుంది. బ్యాట్లకైతే చెక్క పని తెలిసిన ఊరు మనది, గరిటెలూ చెంచాలూ ఉదయగిరి పేరుతోనే అమ్ముడుపోతాయి.

పీడీ: గరిటె తిప్పినట్టు తిప్పితే ఔటవుతారు. మీ అమెరికా కాలేజీలే లోహపు బ్యాటు వాడతాయి కదా, చెక్క బ్యాటు పైకి పోయాకే. ఇదంతా పక్కన పెట్టు. సామాను వచ్చింది, పిల్లలు వచ్చారు, నువ్వు చెప్పినట్టే గంట దొరికింది. ఎవరితో ఆడతారు? ఆ ఫ్లోరిడా జట్టు ఒక సీజన్‌లో టోర్నీలు కాక ఎన్ని ఆడుతుంది?

పూర్వ విద్యార్థి: 56 దాకా.

పీడీ: మన పిల్లలు నెల్లూరు పోయి ఒకటి ఆడతారు. ఓడితే వంద కిలోమీటర్లు వెనక్కి. మ్యాచ్‌లు లేని జట్టు డ్రిల్లు చేస్తుందంతే. ఇది నా మొదటి అభ్యంతరం, చివరి అభ్యంతరం కూడా. కబడ్డీకి సాయంత్రం పక్కూరి జట్టును పిలిస్తే వస్తుంది.

పూర్వ విద్యార్థి: అందుకే ఒక కాలేజీ చాలదు. ఉదయగిరిలో ఒకటి, ఆత్మకూరులో ఒకటి, రెండు జట్లూ ఒకేసారి. నెలకు రెండుసార్లు, ఒకసారి అక్కడ, ఒకసారి ఇక్కడ. ఎవరికీ రాని ఆట కాబట్టి ఇద్దరూ సమానమే. ఒకేడాదిలో కాదు సార్. కృష్ణదేవరాయలు ఇదే ఉదయగిరి కోట కింద ఏడాదిన్నర కాచుకున్నాడు, 1514లో గానీ చేతికి రాలేదు. మనకూ ఆ ఏడాదిన్నర ఇవ్వండి.

పీడీ: రాయలవారి సైన్యానికి మధ్యలో ఇంటర్న్‌షిప్ లేదు నాయనా.

పూర్వ విద్యార్థి: (నవ్వి) అందుకే మొదటేడు పిల్లలతో కడదామంటున్నా. చేరిన వెంటనే, మూడో సెమిస్టరు అయ్యేదాకా. మూడో ఏడు వాళ్లను లెక్కలోకే తీసుకోవద్దు. వాళ్లుంటే లాభం, లేకపోతే నష్టం లేదు. అక్కడి కోచ్‌లు ఇప్పుడు పోర్టల్ చూసి పెద్దవాళ్లను తెచ్చుకుంటున్నారు, ఎందుకంటే ఈ ఏడే గెలవాలి. 2023లో లూసియానా స్టేట్ యూనివర్సిటీ, ఎయిర్ ఫోర్స్ అకాడమీ నుంచి వచ్చిన పిచర్ పాల్ స్కీన్స్‌తో జాతీయ టైటిల్ కొట్టింది. మనకు ఈ ఏడే గెలవాలన్న ఒత్తిడి ఎవరు పెట్టారు? ఎవరూ పెట్టలేదు. అది మన అదృష్టం.

పీడీ: ఒత్తిడి లేని మాట నిజమే. అడిగేవాడు లేకపోవడం చాలాసార్లు నన్ను బాధపెట్టింది, ఇక్కడ పనికొస్తుందేమో. మొదటేడు పిల్లలే అయితే కబడ్డీ జట్టు మీద దెబ్బ కూడా కొంత తగ్గుతుంది, వాళ్లు ఎట్లాగూ మొదటేడు బెంచీ మీదే ఉంటారు. ఆడపిల్లల జట్టు ముందు, మగపిల్లలది తర్వాత. ఆత్మకూరు వాళ్లు ఒప్పుకుంటేనే. ఒప్పుకోకపోతే గ్లవ్స్ మాటే ఎత్తొద్దు, డబ్బు వాలీబాల్‌కు పోతుంది. సర్టిఫికెట్ అన్న మాట పిల్లల ముందు మొదటేడు రానివ్వకూడదు, నీ నోటి నుంచి కూడా.

పూర్వ విద్యార్థి: ఆ చివరిది కష్టం సార్. వాళ్లే అడుగుతారు. అడిగితే అబద్ధం చెప్పాలా?

పీడీ: అబద్ధం చెప్పొద్దు. ‘ఆడితే కదా’ అని చెప్పు. అయినా నేను ఒప్పుకున్నానని అందరికీ చెప్పబోకు. మొదట చేరిన వాళ్లలో సగంమంది మళ్లీ జూన్‌లో కనపడితే అప్పుడు జట్టు ఉందంటాను, అప్పటిదాకా లేదు. ఇంకొకటి, మగపిల్లల జట్టు ఎప్పుడు కట్టినా నా కార్నర్లను మాత్రం ముట్టుకోవద్దు.

పూర్వ విద్యార్థి: కార్నర్ లేకపోతే క్యాచర్ ఎవరు సార్? మీరే కదా చెప్పారు.

పీడీ: చెప్పాను. ఇస్తానని చెప్పలేదు.